లాంగ్ రేంజ్ వేట రైఫిల్‌కి తేలికైన స్కోప్: బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

కార్బన్ ఫైబర్ బ్యారెల్, పలుచటి స్టాక్, అదీ ఇదీ అని డబ్బు ధారపోసి రైఫిల్‌ని మూడు కిలోల లోపుకి తెచ్చుకుంటారు, తీరా దాని నెత్తిన కిలో దాటిన స్కోప్ (గురి చూసే దూరదర్శిని) ఎక్కిస్తారు. వోర్టెక్స్ రేజర్ హెచ్‌డీ జెన్ 2 లో 4.5-27x56 (అంటే జూమ్ 4.5 నుంచి 27 రెట్లు, ముందు వైపు అద్దం 56 మి.మీ.) చూడండి, సుమారు 1.4 కిలోలు. మంచి స్కోపే, కాదనను, కానీ అది పోటీల్లో బల్ల మీదా నేల మీదా ఆనించి కాల్చేవాళ్ళ సరుకు. స్వరోవ్‌స్కీ జెడ్5 3.5-18x44 దాదాపు 450 గ్రాములు, లూపోల్డ్ వీఎక్స్-5హెచ్‌డీ 3-15x44 ఓ 560 గ్రాములు. తేడా మోసేటప్పుడే కాదు, కాల్చేటప్పుడు కూడా తెలుస్తుంది. తేలికైన రైఫిల్ మీద పైన బరువు ఎక్కువైతే నిలబడి గురి పెట్టినప్పుడల్లా అది పక్కకి వాలుతూనే ఉంటుంది. అందుకే నా లెక్కలో 450 నుంచి 600 గ్రాముల మధ్య వెతకాలి. అంతకన్నా తగ్గించాలంటే ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది.

కేటలాగ్ తెరవడానికి ముందు మీ దూరం ఎంతో తేల్చుకోండి. బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని కొట్టే దూరం కాదు నేనడిగేది. కొండెక్కి ఆయాసపడుతూ, వీపు సంచి మీద రైఫిల్ ఆనించి, గాలి వీస్తుండగా జంతువు గుండె, ఊపిరితిత్తులు ఉండే ఆ కాస్త చోటులోనే ప్రతి తూటా పడేలా కాల్చగలిగే దూరం. నిజాయితీగా చెప్పుకుంటే చాలామందికి అది 400 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అంత దూరానికి 10 ఎక్స్ (పది రెట్ల జూమ్) చాలు, 15 ఎక్స్ అయితే ధారాళం. ఎండ పూట 20 ఎక్స్ పెడితే కనిపించేది జంతువు కాదు, వేడికి అలలు అలలుగా కదిలే గాలి. పైగా జూమ్ పెరిగేకొద్దీ కనిపించే మేర కుదించుకుపోయి, కాల్చాక జంతువు ఎటు పోయిందో కూడా తెలియదు. అందరూ పై అంకె చూసి మోజు పడతారు గానీ కింది అంకె కూడా అంతే ముఖ్యం. పొదల్లోంచి 40 మీటర్ల దగ్గర జంతువు బయటికొస్తే 3 ఎక్స్‌లో మొత్తం కనిపిస్తుంది, 6 ఎక్స్‌లో అయితే కనిపించే బొచ్చు భుజానిదో తుంటిదో తేల్చుకునేలోపే పోతుంది.

స్కోప్ ముందు వైపు ఉండే అద్దం సంగతి చిన్న భాగహారం. అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుతురు వృత్తం ఎంతో వస్తుంది. 40 మి.మీ. అద్దం 10 ఎక్స్ దగ్గర 4 మి.మీ., 44 అద్దం 15 ఎక్స్ దగ్గర 3 మి.మీ. కన్నా కొంచెం తక్కువ. మసక చీకట్లో జూమ్ 8 కి తగ్గిస్తే అదే 44 అద్దం 5.5 ఇస్తుంది, చాలామంది కళ్ళు వాడుకోగలిగింది కూడా దాదాపు అంతే. మరి 56 అద్దం ఎందుకు? బరువు పెరుగుతుంది, స్కోప్ ఎత్తుగా బిగించాలి, అప్పుడు చెంప స్టాక్ (భుజానికి ఆనించే పిడి)‌కి సరిగ్గా ఆనదు. 40, 42, 44 లో ఏదైనా పరవాలేదు, అద్దం నాణ్యత చూసుకోండి చాలు.

స్కోప్ ట్యూబ్ (గొట్టం) లావైతే వెలుతురు ఎక్కువొస్తుందనే మాట ఇంకా చెప్తూనే ఉంటారు, నమ్మకండి. లావు ట్యూబ్ వల్ల ముఖ్యంగా దొరికేది గురిని పైకీ కిందికీ జరపడానికి చోటు. ఆ చోటు మీకెంత కావాలో చూద్దాం. 6.5 క్రీడ్‌మోర్‌లో (ఒక తూటా రకం) మామూలు 140 గ్రెయిన్ (సుమారు 9 గ్రాములు) తూటాకి, జీరో (గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సర్దిన దూరం) 100 మీటర్లకైతే, 500 మీటర్ల దగ్గర సుమారు 3 మిల్ పైచిలుకు, అంటే 11 ఎంఓఏ తిప్పాలి (రెండూ కోణం కొలతలు, 100 మీటర్ల దగ్గర 1 మిల్ అంటే 10 సెం.మీ., 1 ఎంఓఏ అంటే దాదాపు 3 సెం.మీ.). ఒక అంగుళం ట్యూబ్‌లో మొత్తం 50 ఎంఓఏ ఉందనుకుందాం. జీరో మధ్యలో కుదిరితే పైకి 25 మిగులుతుంది, అవసరానికి రెట్టింపు. అంగుళం ట్యూబ్ గానీ 30 మి.మీ. గానీ సరిపోతుంది, 34 మి.మీ. మోయడం దండగ.

ఇక ఎక్కడ కక్కుర్తి పడకూడదంటే టరెట్ (గురిని జరపడానికి తిప్పే చక్రం) దగ్గర. తిప్పినంతా కదలాలి, వెనక్కి తిప్పితే తొలి చోటికే రావాలి. ఇది ప్రకటనల్లో తేలదు, కాల్చి చూడాల్సిందే. సురక్షితమైన షూటింగ్ రేంజ్‌లో కచ్చితంగా 100 మీటర్లు కొలిచి, నిలువుగా పొడవాటి అట్ట పెట్టి, దారానికి బరువు కట్టి వేలాడదీసి దాని వెంబడి గీత గీయండి. గీత అడుగున చుక్క పెట్టి మూడు తూటాలు కాల్చండి. 5 మిల్ పైకి తిప్పి, గురి మాత్రం అదే చుక్క మీద ఉంచి ఇంకో మూడు. గుంపు 50 సెం.మీ. పైన పడాలి. 49 పడిందా, అది 2 శాతం తేడా, ఎప్పుడూ అంతే ఉంటే లెక్కలో సర్దుకోవచ్చు. గుంపు గీత నుంచి పక్కకి జరిగిందంటే ముందు రెటికిల్ (స్కోప్ లోపల కనిపించే గురి గీతలు) వాలి ఉందేమో చూడాలి. కానీ సున్నాకి తిప్పి కాల్చినప్పుడు మొదటి మూడింటి పక్కన పడకపోతే, ఒకసారి స్క్రూలన్నీ సరిచూసి మళ్ళీ కాల్చండి, అప్పుడూ అంతే అయితే ఆ స్కోప్ ఎంత తేలికైనా వెనక్కిచ్చేయండి. జీరో స్టాప్ (వెనక్కి తిప్పితే జీరో దగ్గరే ఆపేసే ఏర్పాటు) ఉంటే మంచిది, తడబాటులో ఒక చుట్టు ఎక్కువ తిప్పే ప్రమాదం తప్పుతుంది. పక్క టరెట్‌కి మూత ఉండాలి, గాలికి ఎలాగూ రెటికిల్ గీతలతోనే సర్దుకుంటాం.

రెటికిల్ గురించి జనం గంటలు గంటలు వాదించుకుంటారు గానీ 15 ఎక్స్ లోపు వేట స్కోప్‌కి నా ఓటు, జూమ్ మార్చినా గీతలు అదే సైజులో కనిపించే సెకండ్ ఫోకల్ ప్లేన్‌కే. తక్కువ జూమ్‌లో, మసక వెలుతురులో గీతలు కనబడతాయి, బరువూ సాధారణంగా తక్కువే. ఒక్కటి మరవకూడదు, గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే సరి, చాలావాటికి అది గరిష్ఠం దగ్గర. 15 దగ్గర 1 మిల్ చూపే గీత 7.5 దగ్గర 2 మిల్ అవుతుంది.

పారలాక్స్ (కన్ను పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం) సర్దే నాబ్ కొన్ని గ్రాములు పెంచినా ఉంచుకోండి. పారలాక్స్ 100 మీటర్లకు స్థిరంగా ఉన్న 40 మి.మీ. స్కోప్‌లో కన్ను పూర్తిగా అంచుకి జరిగితే 400 మీటర్ల దగ్గర గురి 6 సెం.మీ. దాకా తప్పొచ్చు. లైటున్న రెటికిల్ మీ ఇష్టం. కంటికీ స్కోప్‌కీ దూరం మాత్రం గరిష్ఠ జూమ్‌లో కూడా 90 మి.మీ. ఉండాలి, ఎందుకంటే తేలిక రైఫిల్ గట్టిగా తంతుంది, కనుబొమ్మ చిట్లితే ఆ తర్వాత ప్రతి షాట్‌కీ టెన్షనే.

చివరిగా స్కోప్ని రైఫిల్ మీద పట్టి ఉంచే రింగులు. స్కోప్‌లో 150 గ్రాములు మిగిల్చి, బరువైన స్టీల్ రింగులూ పొడవాటి రెయిలూ (రింగులు బిగించే పట్టీ) పెడితే మిగిల్చిందంతా అక్కడే పోతుంది. మంచి అల్యూమినియం రింగులు, వీలైతే నేరుగా రైఫిల్ మధ్య భాగమైన రిసీవర్‌కే బిగించేవి తీసుకోండి. టార్క్ రెంచ్ (ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే పానా) తప్పనిసరి. రింగు పై స్క్రూలకి మామూలుగా 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు, కంపెనీ వేరే అంకె ఇస్తే అదే పాటించండి. పలుచటి ట్యూబ్‌ని అతిగా బిగిస్తే లోపలి భాగాలు పట్టేసి జూమ్ రింగ్ బిరుసెక్కుతుంది. బిగించాక ప్రతి స్క్రూ తల మీదుగా రింగు మీదకి పెయింట్‌తో సన్నగీత గీసి ఉంచితే, వదులైందో లేదో రెంచ్ లేకుండానే కంటికి తెలుస్తుంది.