పెద్ద బిల్డింగ్‌ల ఎనర్జీ ఆడిట్ ఎట్ల చేయాలె? లాగర్ కాడ తప్పితే రిపోర్టంతా తప్పే

మహబూబ్‌నగర్, నల్లగొండ, వనపర్తి దిక్కు హాస్పిటళ్లు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు తిరిగి ఎనర్జీ ఆడిట్ చేసుడు నా పని. పోయిన ప్రతి చోట ఎవరో చేసిన పాత రిపోర్టు ఒకటి చేతిల పెడ్తరు, నలభై పేజీలుంటయి, రంగురంగుల చార్టులుంటయి, కానీ అందులో మీటర్ పెట్టి కొలిచిన అంకె ఒక్కటి కూడ సక్కగ ఉండదు, ఓనర్ దాన్ని నమ్మి లక్షలు ఖర్చు పెట్టి ఉంటడు. అందుకే ఇది రాస్తున్న.

ముందుగాల ఒక మాట. ఈసీబీసీకి, ఆడిట్‌కు చానా మంది ముడి పెడ్తరు. ఈసీబీసీ (ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్) అంటే కొత్తగ కట్టే కమర్షియల్ బిల్డింగ్‌ల కోసం 2007ల తెచ్చి 2017ల మార్చిన కోడ్, కనెక్టెడ్ లోడ్ (బిల్డింగ్‌ల ఉన్న అన్ని సామాన్ల లోడ్ మొత్తం) 100 కిలోవాట్లు గానీ కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంట్ కంపెనీతోని రాసుకున్న ఎక్కువలో ఎక్కువ లోడ్) 120 కేవీఏ గానీ దాటితే వర్తిస్తది, గోడలు, అద్దాలు, రూఫు, ఏసీ అన్నీ డిజైన్ల ఉన్నప్పుడే చూస్తరు. ఇప్పటికే నడుస్తున్న బిల్డింగ్‌ల కరెంట్ ఎక్కడికి పోతున్నదో కొలిచేది ఆడిట్. ఎక్కడన్న ఆడిట్ తప్పనిసరి అని నోటీస్ వస్తే సర్టిఫైడ్ ఆడిటర్ సంతకం కావాలె, కానీ కొలిచే పద్ధతి ఎవ్వరికైనా ఒక్కటే.

సామాన్లు: త్రీ ఫేజ్ పవర్ లాగర్ (కరెంట్ వాడకాన్ని రోజులకొద్దీ తనంతట తనే కొలిచి దాచిపెట్టుకునే మీటర్), క్లాంప్ మీటర్, లక్స్ మీటర్, టెంపరేచర్ మీటర్, టేపు, రబ్బర్ గ్లౌజులు, ఒక నోట్‌బుక్. నోట్‌బుక్కే కావాలె, ప్యానెల్ ముందు నిలవడి ఫోన్ల టైప్ చేస్తే అంకెలు తప్పుతయి.

తర్వాత 12 నెలల హెచ్‌టీ (హై టెన్షన్) కరెంట్ బిల్లులు తీసుకోండి. మన దగ్గర హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ మీద వస్తది, అంటే పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న దాంట్ల అసలు పనికి వచ్చే వంతు) పడిపోతే యూనిట్లే పెరుగుతయి. డిమాండ్ కూడ చూడండి, 250 కేవీఏ కాంట్రాక్ట్ ఉండి నెలకు 140 మించకపోయినా 80 శాతం లెక్కన 200కే డబ్బులు కడ్తరు. సంవత్సరమంతా అట్లనే ఉంటే కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించుకోవాలె, రూపాయి పెట్టుబడి లేకుండ వచ్చే మిగులు ఇది, అయినా సగం రిపోర్టుల్ల కనవడదు. ఇగ సంవత్సరం యూనిట్లను బిల్డింగ్ చదరపు మీటర్లతో భాగిస్తే ఈపీఐ (ఎనర్జీ పర్ఫార్మెన్స్ ఇండెక్స్) వస్తది. 3,60,000 యూనిట్లు, 40,000 చదరపు అడుగులు (దాదాపు 3,716 చదరపు మీటర్లు) అంటే దాదాపు 97. దీన్ని వేరే బిల్డింగ్‌తోని పోల్చొద్దు, అదే బిల్డింగ్ పోయిన సంవత్సరంతోనే పోల్చండి.

బిల్డింగ్ మొత్తం ఒకసారి పొద్దున, ఒకసారి రాత్రి తిరగాలె. రాత్రి తిరగకుంటే ఆడిట్ కాదు, ఎందుకంటే ఎవ్వరూ లేనప్పుడు నడిచే పంపు, ఖాళీ వార్డుల నడిచే ఏసీ పొద్దున కనవడయి. నల్లగొండ దిక్కు బోరు నీళ్లు బాగ గట్టివి, నీళ్లతో చల్లబడే చిల్లర్ (పెద్ద ఏసీ ప్లాంట్ మిషన్) ఉంటే కండెన్సర్ ట్యూబులల్ల పొలుసు పేరుకొని కరెంట్ ఎక్కువ లాగుతది, దాన్ని రాసి పెట్టుకోండి.

ఇగ అసలు పని లాగర్ పెట్టుడు. అందరు ఇక్కడనే ఆగమాగం చేస్తరు, కాబట్టి నిదానంగ చదవండి.

లాగర్ మీ సొంత ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెల్ మెయిన్ ఇన్‌కమర్, అంటే కరెంట్ ప్యానెల్లకు వచ్చే మెయిన్ స్విచ్ కాడ పెట్టాలె, డిస్కం (కరెంట్ కంపెనీ) మీటర్ బాక్స్ సీలు ముట్టనే ముట్టొద్దు. జనరేటర్ ఉంటే చేంజోవర్ (డిస్కం కరెంట్ నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్) తర్వాత పెట్టండి, లేకుంటే కరెంట్ పోయిన టైమ్‌ల లోడ్ మొత్తం లెక్కల నుంచి మాయమైతది. వీలైతే షట్‌డౌన్ తీసుకొని కనెక్ట్ చేయండి, హాస్పిటల్ల కుదరకపోతే గ్లౌజులు ఏసుకున్న లైసెన్స్ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, మీరు చేయకండి. ప్యానెల్ల ముందే ఉన్న సీటీ (కొలవడానికి పెద్ద కరెంట్‌ను చిన్నగ చేసే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ వైరును నడుస్తున్నప్పుడు ఎట్టి పరిస్థితిల విప్పొద్దు, విప్పితే ప్రాణాలు తీసేంత వోల్టేజ్ వస్తది. దాని మీద క్లాంప్ (వైరు చుట్టు పెట్టే లాగర్ పట్టీ) పెట్టి 400/5 సీటీ అయితే రేషియో 80 అని లాగర్ల సెట్ చేస్తే సరిపోతది.

ఇప్పుడు తప్పులు చెప్త. మొదటిది, పెద్ద ప్యానెళ్లల్ల ఒక్కో ఫేజ్‌కు రెండు కేబుళ్లు ఉంటయి. క్లాంప్ ఒక్కదాని చుట్టే పెడ్తరు, లోడ్ సగమే కనవడ్తది. ఒక హాస్పిటల్ల నాకంటే ముందు వచ్చినోళ్లు గిట్లనే చేసి, ట్రాన్స్‌ఫార్మర్ చానా పెద్దగుంది, చిన్నది పెట్టుకోండి అని రాసిపోయిన్రు. ఓనర్ అప్పటికే కొటేషన్ తెప్పించుకున్నడు, నేను పోయి రెండో కేబుల్ చూపించేదాక ఆయనకు తెల్వదు. అదే కొని ఉంటే ఎండకాలంల ఆపరేషన్ నడుస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అయ్యేది.

రెండోది దీనికంటే ప్రమాదం, ఎందుకంటే చూస్తే తప్పని అనిపియ్యదు. క్లాంప్ మీద బాణం గుర్తు లోడ్ దిక్కు ఉండాలె, తిరగబడితే ఆ ఫేజ్ కిలోవాట్ మైనస్ చూపిస్తది, అది అందరికి తెలుసు, చూడంగనే తిప్పి పెడ్తరు. కానీ మైనస్ వచ్చేది బాణం తప్పితేనే కాదు, ఆర్ ఫేజ్‌కు (ఆర్, వై, బీ అని మూడు ఫేజ్‌లు) లాగర్ వోల్టేజ్ క్లిప్ ఉండి క్లాంప్ వేరే ఫేజ్ కేబుల్‌కు ఉన్నా వస్తది. మోటార్ లోడ్ పవర్ ఫ్యాక్టర్ 0.85 ఉందనుకోండి, ఫేజ్ తప్పితే ఒక రకంగ పెడితే 0.03 దాక చూపిస్తది, ఇంకో రకంగ పెడితే మైనస్ 0.88. ఆ మైనస్ చూసి బాణం తిప్పిన్రనుకోండి, ప్లస్ 0.88 వచ్చి అంతా సక్కగ ఉన్నట్టు కనవడ్తది, కానీ అది లీడింగ్, అంటే కరెంట్ వోల్టేజ్ కంటే ముందు నడుస్తున్నట్టు! వారం రోజుల డేటా మొత్తం తప్పు. కెపాసిటర్లు లేని మోటార్ లోడ్ ల్యాగింగే (కరెంట్ వెనక నడుసుడే) ఉండాలె, ఒక్క ఫేజ్ మాత్రం లీడింగ్ చూపిస్తే బాణం సంగతి వదిలేసి ఫేజ్ చూడండి. రంగు టేపులను నమ్మకండి, పాత ప్యానెళ్లల్ల ఎవరో రిపేర్ చేసి రంగులు మార్చి ఉంటరు. క్లిప్ పెట్టిన పాయింట్‌కు, క్లాంప్ పెట్టిన కేబుల్ టెర్మినల్‌కు నడుమ ఎలక్ట్రీషియన్‌తోని వోల్టేజ్ కొలిపియ్యండి, సున్నా దగ్గర వస్తే ఒకే ఫేజ్, 415 దగ్గర వస్తే వేరే ఫేజ్. మూడు ఫేజ్‌లకు మూడు సార్లు చేయండి, రెండు సరిగ్గ ఉన్నయని మూడోది వదిలెయ్యకండి.

లాగర్ రీడింగ్ తీసుకునే గ్యాప్ ఒక నిమిషం పెట్టండి, పదిహేను నిమిషాలు పెడితే మాటిమాటికి ఆన్ ఆఫ్ అయ్యే పంపు దొరకదు. వారం రోజులు పూర్తిగ ఉంచాలె, ఆదివారం కచ్చితంగ ఉండాలె. ఎండకాలంలనే చేయాలె. డిసెంబర్ల చేసిన ఆడిట్‌ను నేను ఆడిట్ అనను, మన కాడ ఏప్రిల్, మే నెలల్ల ఏసీలు లాగేది చలికాలంల ఎట్ల కనవడ్తది?

వారం తర్వాత వచ్చిన యూనిట్లను ఏసీ, పంపులు, లిఫ్టు, లైట్లు, ఫ్యాన్లు అని పంచి, అదే వారంల డిస్కం మీటర్ రీడింగ్‌తోని కలపండి. వారం మొదలు, ఆఖరు మీటర్ ఫోటో తీసిపెట్టుకుంటే సులువు. సోలార్ ఉంటే అది, జనరేటర్ నడిస్తే దాని యూనిట్లు కూడ కలుపుకోవాలె. ఐదు శాతం లోపల కలిస్తే ముందుకు పోండి, లేకపోతే సలహాలు రాయకండి. పేరు పలకల మీది వాట్లను గంటలతో గుణించి లెక్క చేసేటోళ్లది ఎన్నడూ కలవదు, ఎందుకంటే మోటార్ ఎప్పుడూ పలక మీదున్నంత లాగదు. లైట్లు అమ్మేటోళ్లు ఫ్రీగ చేసే ఆడిట్‌ల తప్పు కూడ ఇదే, ఏసీల వాటా ఎంతనో వాళ్లు కొలవరు, ఎల్‌ఈడీ మార్చుమని రాసి పోతరు.

సలహాలల్ల ఖర్చు లేనియి ముందు రాయండి: కాంట్రాక్ట్ డిమాండ్, ఏసీ 24 డిగ్రీలు, రాత్రి పంపు టైమర్. తర్వాత 75 వాట్ల ఫ్యాన్లకు బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంట్ లాగే మోటార్) ఫ్యాన్లు, ఏసీ ప్లాంట్ల నీళ్లు తిప్పే పెద్ద పంపులకు వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్). వేగం 80 శాతానికి తగ్గిస్తే పవర్ దాదాపు సగమైతది, కానీ ఓవర్‌హెడ్ ట్యాంక్‌కు నీళ్లు ఎక్కించే పంపుల్ల ఎత్తు మారదు కాబట్టి అంత మిగలదు, అక్కడ వద్దు.

పనులు అయినంక వచ్చే ఎండకాలం అదే ప్యానెల్ల లాగర్ మళ్ళా పెట్టాలె. అందుకని మొదటిసారే క్లాంపులు, క్లిప్పులు ఎక్కడెక్కడ పెట్టిన్రో ఫోటో తీసి, ఆ కేబుల్ మీద టేపు అతికిచ్చి తారీఖు రాసి పెట్టండి.