ఐలా ద్వీపానికి విస్కీ వీకెండ్: గుంపుగా వెళ్ళేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత

స్కాట్లాండ్ పడమటి తీరంలో ఉన్న ఈ ద్వీపం పేరు స్పెల్లింగ్ చూస్తే ఇస్లే అని చదవబుద్ధవుతుంది, అక్కడివాళ్ళు మాత్రం ఐలా అంటారు. జనాభా మూడు వేల పైచిలుకు. విస్కీ తయారుచేసే డిస్టిలరీలు చూస్తే ఆర్డ్‌బెగ్, లాగవూలిన్, లఫ్రోయిగ్, బోమోర్, బ్రూక్‌లాడీ, బున్నహావెన్, కూల్ ఈలా, కిల్‌హోమన్, ఆర్డ్‌నహో, 1983లో మూతపడి 2024లో మళ్ళీ తెరిచిన పోర్ట్ ఎలెన్, ఇలా పదికి తక్కువ లేవు. ఈ జాబితా చూడగానే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒక్కటే: ఇంత దూరం వెళ్తున్నాం కదా, వీలైనన్ని చూసేద్దాం. ఆ ఆలోచన మానుకోండి. మొదటిసారి మేం ఆరుగురం వెళ్ళి ఒకే రోజు నాలుగు టూర్లు బుక్ చేసుకున్నాం. మూడో చోటికి వచ్చేసరికి నాలుక మొద్దుబారిపోయింది, ఏ గ్లాసులో ఏముందో ఎవరికీ తేడా తెలియలేదు, నాలుగో చోట ఇద్దరు బయట బెంచీ మీదే కూర్చుండిపోయారు. రెండోసారి రోజుకి రెండు టూర్లకి మించకుండా పెట్టుకున్నాం. ఆ ట్రిప్పులో తాగిన ప్రతి చుక్కా ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి ఇక్కడ రాసేదంతా రోజుకి రెండే అన్న లెక్క మీద రాస్తున్నాను.

ముందు తేదీ తేల్చండి. మే నెలాఖర్లో ద్వీపంలో ఫేష్ ఈలా అని సంగీతం, విస్కీ కలిసిన పెద్ద పండగ జరుగుతుంది, ఒక్కో డిస్టిలరీకి ఒక్కో రోజు ఉంటుంది. దానికోసమే వెళ్తుంటే వేరే సంగతి, కానీ మొదటిసారి గుంపుగా వెళ్ళేవాళ్ళు ఆ వారం జోలికి పోకపోవడం మంచిది, గదులు, ఫెర్రీ టికెట్లు చాలా ముందే అయిపోతాయి. జులై, ఆగస్టుల్లో వాతావరణం బాగానే ఉంటుంది గానీ చాలా డిస్టిలరీలు ఏటా కొన్ని వారాలు రిపేర్ల కోసం ఉత్పత్తి ఆపేస్తాయి, అది ఎక్కువగా వేసవిలోనే పడుతుంది. టూర్ నడుస్తుంది, కానీ స్టిల్స్, అంటే విస్కీని మరిగించే పెద్ద రాగి పాత్రలు, చల్లగా ఉంటాయి, ఆ వేడీ ఆ వాసనా ఉండవు. బుక్ చేసేటప్పుడే ఆ రోజుల్లో ఉత్పత్తి ఉంటుందా అని అడగండి. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, టూర్లూ తగ్గుతాయి, అయితే గ్రీన్‌లాండ్ నుంచి వేలకొద్దీ పెద్దబాతులు (గూస్‌లు) వచ్చి పొలాల్లో దిగుతాయి, అదో అందం. నా ఓటు ఏప్రిల్‌కి, లేదంటే సెప్టెంబర్‌కి.

తేదీ మీద గ్రూపులో వారం రోజులకి మించి చర్చ జరగనివ్వకండి. ఒక్కరు బాధ్యత తీసుకుని రెండు తేదీలు చెప్పాలి, ఎక్కువమంది దేనికి సరే అంటే అది ఖాయం, వెంటనే అందరి దగ్గరా అడ్వాన్సు తీసుకోవాలి. డబ్బు కట్టినవాళ్ళే వస్తున్నట్టు లెక్క. వినడానికి కఠినంగా ఉన్నా, వాట్సాప్‌లో పన్నెండు మంది "నేనూ వస్తా" అని చివరికి అయిదుగురు తేలితే, పెద్ద ఇల్లు బుక్ చేసినవాడి మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి. ఆరు నుంచి ఎనిమిది మంది సరైన సంఖ్య. అంతకు మించితే ఒకే టూర్‌లో చోటు దొరకడం కష్టం, భోజనానికి టేబుల్ దొరకడం ఇంకా కష్టం.

బుకింగ్‌లు ఏ వరుసలో చేస్తారన్నది ముఖ్యం. ఫెర్రీ, ఇల్లు, టూర్లు, ఆ తర్వాతే మిగతావి. చాలామంది టూర్లతో మొదలుపెడతారు, ఎందుకంటే మనసు అక్కడే ఉంటుంది కదా, తీరా చూస్తే ఆ శుక్రవారం ఫెర్రీలో కారుకి చోటుండదు.

ఫెర్రీలు కెన్నక్రేగ్ అనే రేవు నుంచి బయలుదేరతాయి. గ్లాస్గో నుంచి అక్కడికి సుమారు 170 కిలోమీటర్లు, దారంతా లోక్ లోమండ్ సరస్సు పక్కనుంచీ కొండల మధ్య నుంచీ పోతుంది, మూడు గంటలు పడుతుందనుకుని ఇంకో గంట అదనంగా చేతిలో ఉంచుకోండి. రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్ అనే కనుమ దగ్గర గట్టి వానలు పడితే కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేస్తుంటారు. నడిచి ఎక్కేవాళ్ళకి చోటు దొరకడం అంత కష్టం కాదు, కారుకే ముందు బుక్ చేసుకోవాలి. కారు వద్దనుకుంటే గ్లాస్గో నుంచి క్యాంప్‌బెల్‌టౌన్ వెళ్ళే బస్సు కెన్నక్రేగ్‌లో ఆగుతుంది. గ్లాస్గో నుంచి చిన్న విమానాలూ ఉన్నాయి, ముప్పావు గంటలో దిగిపోవచ్చు, కానీ సముద్రం మీద రెండు గంటలు ప్రయాణించి ద్వీపం మెల్లగా దగ్గరపడటం చూడటమే నాకు ఇష్టం. గాలి ఎక్కువగా ఉంటే ఫెర్రీ అయినా విమానమైనా రద్దు కావచ్చు. అందుకే సోమవారం ఉదయం ముఖ్యమైన మీటింగ్ ఏదీ పెట్టుకోకండి, వీలైతే ఆ రోజు సెలవు పెట్టేయండి.

ఇక్కడ నాకు చాలా నచ్చిన విషయం ఒకటుంది. ఐలాలో ఫెర్రీ ఆగే రేవులు రెండు. ఈశాన్యాన పోర్ట్ ఆస్కెయిగ్, దక్షిణాన పోర్ట్ ఎలెన్. టైమ్‌టేబుల్ కుదిరితే ఒక రేవులో దిగి రెండో రేవు నుంచి తిరిగి రావచ్చు. దీనికీ రుచికీ సంబంధం ఉంది. ఐలా విస్కీకి పేరు తెచ్చింది పీట్ పొగ. పీట్ అంటే తడి నేలల్లో మొక్కలు వేల ఏళ్ళుగా సగం కుళ్ళి గట్టిపడిన మట్టిలాంటి పదార్థం. దాన్ని కోసి ఎండబెట్టి కాలిస్తే దట్టమైన పొగ వస్తుంది, మొలకెత్తిన బార్లీని ఆ పొగలో ఆరబెడితే ఆ వాసన గింజకి పట్టి చివరికి సీసా దాకా వస్తుంది. దక్షిణ తీరంలోని లఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ మూడూ ఘాటైన పొగకి ప్రసిద్ధి. ఉత్తరాన ఉన్న బున్నహావెన్ మాత్రం ఎక్కువగా పొగ లేని విస్కీయే చేస్తుంది. ముందు ఆర్డ్‌బెగ్ తాగి తర్వాత బున్నహావెన్ తాగితే ఆ రెండోదాని సున్నితత్వం ఏమీ తెలియదు. కాబట్టి ఉత్తరాన దిగి దక్షిణానికి రండి, పలచటి నుంచి ఘాటుకి.

నేనైతే ఇలా వేస్తాను. శుక్రవారం పొద్దున్నే బయలుదేరి పోర్ట్ ఆస్కెయిగ్‌లో దిగే ఫెర్రీ ఎక్కాలి. మధ్యాహ్నానికి దిగితే అక్కడి నుంచి కూల్ ఈలా, ఆర్డ్‌నహో, బున్నహావెన్ మూడూ కొద్ది మైళ్ళలోనే ఉంటాయి. ఒక్క బున్నహావెన్ టూర్ చాలు ఆ రోజుకి. రోడ్డు ఇరుకు, ఒకే వాహనం పట్టేంత, ఎదురుగా ఎవరైనా వస్తే పక్కన ఆగడానికి కట్టిన జాగాల్లోకి తప్పుకోవాలి. ద్వీపంలో ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ చెయ్యి ఎత్తి పలకరిస్తాడు, మీరూ ఎత్తండి. టైమ్ మిగిలితే కూల్ ఈలా దగ్గర ఆగండి, స్టిల్స్ ఉన్న గది అద్దాల్లోంచి జలసంధికి అవతల జూరా ద్వీపపు కొండలు కనిపిస్తాయి. రాత్రికి పోర్ట్ ఎలెన్ చేరుకోవాలి, ఇల్లు అక్కడే తీసుకోవాలి, ఎందుకంటే శనివారం అసలు కారే అక్కర్లేదు.

శనివారమే ఈ ట్రిప్పుకి ప్రాణం. పోర్ట్ ఎలెన్ నుంచి ఆర్డ్‌బెగ్ దాకా రోడ్డు పక్కనే నడక దారి వేశారు, సుమారు 5 కిలోమీటర్లు, ఆ దారిలో లఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అందరూ ఊళ్ళోంచి బయటికి నడుస్తారు, తాగాక అలసిపోయి తిరిగి రావడానికి టాక్సీ కోసం వెతుక్కుంటారు. మీరు దాన్ని తిరగేయండి. పొద్దున టాక్సీలో నేరుగా ఆర్డ్‌బెగ్ వెళ్ళండి, టాక్సీ ముందే మాట్లాడుకోవాలి, ద్వీపంలో అవి లెక్కపెట్టినన్నే ఉంటాయి. అక్కడ మొదటి టూర్, పాత బట్టీ భవనంలో ఉన్న కేఫ్‌లో కడుపు నిండా భోజనం, తర్వాత ఇంటివైపు నడక. లాగవూలిన్ దగ్గర నీటి ఒడ్డున డనీవెగ్ కోట శిథిలాలున్నాయి, కాసేపు కూర్చోండి. లాగవూలిన్‌లో మామూలు టూర్ కంటే గిడ్డంగిలో పీపాల పక్కన నిలబెట్టి రుచి చూపించేది దొరికితే అదే తీసుకోండి, డబ్బు ఎక్కువైనా సరే. ఆ చల్లటి చీకటి గదిలో పీపా నుంచి నేరుగా తీసిన విస్కీ తాగడానికే కదా ఇంత దూరం వచ్చింది. చివర్లో లఫ్రోయిగ్ దగ్గర టూర్ వద్దు, షాపులో ఆగితే చాలు. 1994 నుంచి వాళ్ళకో పథకం ఉంది, సీసా మీది కోడ్‌తో పేరు నమోదు చేసుకుంటే ఒక చదరపు అడుగు నేల మీ పేర రాస్తారు, మీరు అక్కడికి వెళ్ళినప్పుడు దాని అద్దె కింద ఒక గుక్క విస్కీ ఇస్తారు. గ్రూపులో అందరూ వెళ్ళేముందే నమోదు చేసుకుంటే వాళ్ళిచ్చే చిన్న జెండా పట్టుకుని గడ్డిలో తమ అడుగు వెతుక్కోవడం భలే సరదాగా ఉంటుంది.

ఆదివారం కొన్ని చోట్ల మూసి ఉంటుంది, ఆ రోజు బస్సుల్నీ నమ్ముకోవద్దు. బోమోర్ తెరిచి ఉంటే అది చూడండి, 1779 నాటిది, ఊరి మధ్యలో సముద్రాన్ని ఆనుకునే ఉంటుంది. లేకపోతే మాకిర్ బే ఇసుక తీరం చాలు.

డ్రైవర్ సంగతి అన్నిటికంటే జాగ్రత్తగా చూడాలి. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబర్ నుంచి బండి నడిపేవాళ్ళకి పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్, ఇంగ్లండ్‌లో 80. లెక్క వేసి చూడండి: టేస్టింగ్‌లో 58 శాతం ఉన్న పీపా విస్కీ 15 మిల్లీలీటర్ల చొప్పున అయిదు గ్లాసులు తాగితే నాలుగు యూనిట్లు (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్) దాటుతుంది. శరీరం గంటకి సుమారు ఒక యూనిట్ మాత్రమే కరిగిస్తుంది. దాని మీద రాత్రి పబ్బులో ఇంకో నాలుగు పడితే మర్నాడు పొద్దున స్టీరింగ్ పట్టుకోవడం ప్రమాదమే, తల తేలిగ్గా ఉన్నా సరే. అందుకే శుక్రవారం ఒకరు, ఆదివారం ఇంకొకరు అని ముందే పేర్లు రాసుకోండి. ఆదివారం డ్రైవర్ శనివారం రాత్రి త్వరగా ఆపేయాలి, ఇందులో మొహమాటం వద్దు. అక్కడివాళ్ళు డ్రైవర్లని బాగా చూసుకుంటారు, చాలా డిస్టిలరీల్లో వాళ్ళ వంతు విస్కీని చిన్న సీసాల్లో పోసి ఇంటికిస్తారు, అడగడానికి సిగ్గుపడకండి. అసలు మందే ముట్టనివాళ్ళు గుంపులో ఉంటే వాళ్ళనే డ్రైవర్లుగా వాడేసుకోవడం నాకు నచ్చదు. వాళ్ళూ సెలవు పెట్టుకునే వచ్చారు. వాళ్ళకి కిల్‌హోమన్ లాంటివి చూపించండి, 2005లో పొలంలో మొదలైన డిస్టిలరీ, తాము పండించిన బార్లీని తామే నేల మీద పరిచి మొలకెత్తిస్తారు, అక్కడ చుక్క తాగకపోయినా చూడటానికి బోలెడుంది.

టేస్టింగ్ గురించి రెండు మాటలు. ఖాళీ కడుపుతో వెళ్ళకండి. ఆ ఉదయం సెంటు పూసుకోకండి, మీకే కాదు, పక్కవాళ్ళకీ వాసన తెలియదు. గ్లాసుని ముక్కులో పెట్టేసుకోకుండా కాస్త దూరంగా పట్టుకుని నోరు కొద్దిగా తెరిచి పీల్చండి, ఘాటు తగ్గి లోపలున్నది తెలుస్తుంది. ఒక గుక్క అలాగే తాగి, తర్వాత నాలుగు చుక్కల నీళ్ళు వేసి మళ్ళీ తాగండి, రెండూ వేరే విస్కీల్లా ఉంటాయి. నచ్చకపోతే వదిలేయండి, ఉమ్మడానికి పాత్ర అడిగినా ఇస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. గైడ్ చెప్పేటప్పుడు మన గుంపు మనలో మనం మాట్లాడుకోవడం మాత్రం బాగుండదు, ఆ టూర్‌లో వేరేవాళ్ళూ ఉంటారు.

ఖర్చులకి ఒక ఉమ్మడి ఖాతా పెట్టి ఇల్లు, ఫెర్రీ, పెట్రోలు, కిరాణా అందులోంచి తీయండి. టూర్లూ సీసాలూ ఎవరివి వాళ్ళవే, లేకపోతే తాగనివాళ్ళు తాగేవాళ్ళకి కట్టినట్టవుతుంది. శుక్ర, శనివారాల రాత్రి భోజనానికి టేబుల్ ముందే చెప్పి ఉంచుకోండి. శాకాహారులుంటే ఇంట్లో వంట వీలుండేలా చూసుకోండి, అక్కడ ఎక్కువగా చేపలూ ఆయిస్టర్లూ మాంసమే. వానకోటూ తడవని బూట్లూ ఏ నెలైనా తప్పనిసరి.

విమానంలో తిరిగి వెళ్ళేవాళ్ళుంటే, 100 మిల్లీలీటర్లు దాటిన సీసా చేతిసంచిలో పెడితే చాలా విమానాశ్రయాల్లో సెక్యూరిటీ దగ్గర ఆగిపోవచ్చు, లగేజీలోనే పంపడం మంచిది. 24 నుంచి 70 శాతం మధ్య ఉన్న మద్యం ఒక్కొక్కరికి 5 లీటర్ల దాకా అనుమతిస్తారు. సీసాని ముందు ప్లాస్టిక్ కవర్లో, దాని మీద మందపాటి స్వెట్టర్లో చుట్టి పెట్టె మధ్యలో పెట్టండి. డ్రైవర్ల చిన్న సీసాలు మాత్రం వేరే సంచిలో పేర్లు రాసి పెట్టండి, ఇల్లు చేరిన రాత్రి అందరూ కూర్చుని ఉండగానే వాళ్ళవి ముందు తెరవాలి.