బిగింపు పాఠాలు – 3: టార్క్ రెంచి ఎంపిక, వాడకం

టెక్కలిలో గ్రానైట్ లారీ చక్రం ఎక్కించే షెడ్డుకెళ్లినా, పలాసలో జీడిపప్పు మిల్లు మోటారు బిగించే చోటికెళ్లినా వినపడే కొలత ఒకటే: "ఇంక తిరగట్లేదు బావూ, సరిపోద్ది." నట్టు తిరగడం ఆగిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. తుప్పు పట్టి ఆగొచ్చు, మరలో, అంటే బోల్టు మీది మెలి గాడిలో, ఇసుక రేణువు ఇరుక్కుని ఆగొచ్చు, మర తినేసి ఆగొచ్చు. బిగింపంటే వేరు. పోయిన పాఠంలో చెప్పుకున్నట్టు, బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. మళ్లీ పొట్టి కావాలని చూసే ఆ లాగుడే రెండు భాగాల్నీ పట్టి ఉంచుతుంది.

చిక్కేమిటంటే, టార్క్ రెంచి ఆ లాగుడును కొలవదు. మన చెయ్యి ఎంత బలంగా తిప్పుతోందో, అంటే టార్క్‌ను, మాత్రమే కొలుస్తుంది. ఆ తిప్పుడులో సుమారు సగం నట్టు కింది రాపిడికే పోతుంది. ఇంకో నలభై శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది పదో వంతు. కాబట్టి రాపిడి కాస్త మారినా లెక్కంతా తలకిందులే.

అంకెల్లో చూద్దాం. లాగుడు బలం = టార్క్ ÷ (నట్ ఫ్యాక్టర్ × బోల్టు వ్యాసం). నట్ ఫ్యాక్టర్ అంటే రాపిడిని లెక్కలోకి తెచ్చే అంకె, పొడిగా ఉన్న మామూలు మరకు అది 0.2 అనుకోవచ్చు. 12 మి.మీ. బోల్టును 100 న్యూటన్ మీటర్లకు బిగిస్తే 100 ÷ (0.2 × 0.012), అంటే దాదాపు 41,700 న్యూటన్లు. మన భాషలో నాలుగుంపావు టన్నులు. అదే మరకు నూనె పూశాం, ఫ్యాక్టర్ 0.15కి దిగింది. పెట్టిన కొలత అందిందని రెంచి అదే 100 దగ్గర టక్కుమంది, కానీ లోపల లాగుడు ఐదున్నర టన్నులు దాటిపోయింది. 8.8 రకం (బోల్టు బలాన్ని చెప్పే అంకె) 12 మి.మీ. బోల్టు సాగి మళ్లీ మామూలు పొడవుకు రాగల హద్దు ఐదు టన్నుల దగ్గరే. అంటే మేలు చేద్దామని వేసిన నూనె చుక్క బోల్టును పాడుచేసింది.

భావనపాడు, కళింగపట్నం వైపు దీనికి ఎదురు జరుగుతుంది. ఉప్పుగాలికి మరలు తుప్పు పడతాయి, తిప్పుడంతా ఆ తుప్పే తినేస్తుంది. రెంచి టక్కుమంటుంది, నట్టు మాత్రం వదులుగానే ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్లకు నా సలహా: ఖరీదైన రెంచి కంటే ముందు మంచి వైరు బ్రష్షు కొనండి. మర శుభ్రంగా ఉండాలి, నట్టు చివరిదాకా చేత్తోనే తిరగాలి. నూనె వేయమని మాన్యువల్‌లో రాసుంటే వేయండి, లేకపోతే వద్దు. చక్రం నట్లకు మామూలుగా పొడి మరే లెక్క.

ఇక కొనడం. ఒకే రెంచితో అన్నీ కానిచ్చేద్దామనుకోవద్దు. రెంచి తన పైహద్దులో అయిదో వంతు కంటే తక్కువ దగ్గర నమ్మదగ్గది కాదు. కారు చక్రాలకు 40–200 న్యూటన్ మీటర్ల అర అంగుళం డ్రైవు (సాకెట్ తగిలించే చదరపు కొన) రెంచి చాలు. బైకు ఇంజను కవరుకుండే 6 మి.మీ. బోల్టులు 10 దగ్గరే ఆగాలి. వాటికి 5–25 కొలతున్న పావు అంగుళం డ్రైవుది వేరే ఉండాలి. షెడ్లలో తెగే బోల్టులు ఎక్కువగా ఈ చిన్నవే. పెద్ద రెంచితో వాటిని బిగించబోతే టక్కు వినపడేలోపే తల ఊడి చేతిలోకొస్తుంది.

టక్కుమనే క్లిక్ రకమా, స్కేలు మీద ముల్లు చూపే రకమా? ముల్లుది చవక, పాడవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. కాకపోతే స్కేలును ఎదురుగా చూడగలిగే చోటే పనికొస్తుంది. లారీ కింద పడుకుని చేసే పనికి క్లిక్ రకమే నయం. కొనేటప్పుడు స్కేలు మీది కొలమానం చూడండి. కొన్ని రెంచీల్లో ఫుట్ పౌండ్లే పెద్ద అంకెల్లో ఉంటాయి. 100 ఫుట్ పౌండ్లంటే 136 న్యూటన్ మీటర్లు. పాత ట్రాక్టరు మాన్యువళ్లలో కిలోగ్రామ్ మీటర్లుంటాయి, వాటిని 9.8తో గుణించాలి.

వాడేటప్పుడు ముందు మామూలు పానాతో నట్టును ఆనేదాకా తేవాలి. తర్వాత రెంచి పిడి మధ్యలో పట్టుకుని, కుదుపు లేకుండా ఒకే లాగుడు. టక్కుమనగానే ఆపాలి. నమ్మకం కోసం ఇంకో టక్కు వినిపించడం మన షెడ్లలో పెద్ద జబ్బు, అది అదనపు బిగింపే. అయిదు నట్ల చక్రానికి ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు వెళ్లాలి. మొదటి చుట్టు సగం కొలతకు, రెండో చుట్టు పూర్తి కొలతకు. పిడికి పైపు తొడగొద్దు. బిగుసుకున్న నట్టు విప్పడానికి ఈ రెంచిని వాడొద్దు. పని అయ్యాక క్లిక్ రెంచిని స్కేలు మీది అతి తక్కువ గీతకు తిప్పి పెట్టాలి, అంతకంటే కిందికి కాదు.

ఈ వారం అభ్యాసం: రెంచి చదరపు కొనను వైసులో బిగించి, పిడి అడ్డంగా నిలిచేలా పెట్టండి. చదరం మధ్య నుంచి పిడి మధ్యకు టేపుతో కొలవండి. అది 40 సెం.మీ. అనుకుందాం. అక్కడ సరిగ్గా 20 కిలోలు తూగే నీళ్ల డబ్బా వేలాడదీస్తే 20 × 9.81 × 0.4, అంటే 78.5 న్యూటన్ మీటర్లు. రెంచి సొంత బరువుకు రెండు మూడు కలుపుకుంటే 81 దాకా వస్తుంది. ఇప్పుడు 95 దగ్గర మొదలుపెట్టి, డబ్బా దించి, అమరిక కొంచెం తగ్గించి, మళ్లీ మెల్లగా తగిలిస్తూ రండి. ఏ అంకె దగ్గర మొదటిసారి టక్కుమందో రాసుకోండి. టార్క్ రెంచీలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ఈ రకానికి నాలుగు శాతం తేడా ఒప్పుకుంటుంది. ఇంటి కొలత గనుక మనం ఇంకాస్త వదులిద్దాం. 75–87 మధ్య వస్తే పనిలో పెట్టుకోండి. అది దాటితే కాలిబ్రేషన్‌కు (కొలత సరిచేయించడానికి) పంపేదాకా ఆ రెంచితో చక్రం బిగించకండి.