ఆయిల్ సీల్ మార్చినా కారుతోందా? పాత సీల్ లిప్ చూడండి

హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో గేర్‌బాక్స్ కారితే వెంటనే రాణిగంజ్ మార్కెట్‌కి మనిషిని పంపి కొత్త సీల్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపే రింగు) తెప్పిస్తాం. నెల తిరగకముందే అదే చోట మళ్లీ నూనె. పాత సీల్‌ని పారేయకండి. అది ఎందుకు పోయిందో దాని లిప్, అంటే షాఫ్ట్‌ని తాకే రబ్బరు అంచే చెబుతుంది.

లిప్ గట్టిపడి, వంచితే పగుళ్లు కనిపిస్తున్నాయా? నూనె అందలేదు, లేదా వేడి ఎక్కువైంది. లిప్‌కీ షాఫ్ట్‌కీ మధ్య సుమారు ఒక మైక్రాన్ నూనె పొర ఉండాలి. అది తెగితే రబ్బరు నేరుగా ఇనుముకు రాసుకుంటుంది. పైగా లిప్ దగ్గర వేడి లోపలి నూనె వేడి కంటే ఎక్కువ. మామూలు నైట్రైల్ రబ్బరు సీల్ సుమారు 100 డిగ్రీల వరకే ఆగుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఆ హద్దు ఇంకా దగ్గరపడుతుంది. ముందు నూనె లెవెల్ చూడండి. నల్లబడి కాలిన వాసన వస్తే నూనె మార్చండి. అవి బాగున్నా లిప్ కాలుతుంటే వైటాన్ అనే వేడి తట్టుకునే రబ్బరు సీల్ వేయండి. ధర ఎక్కువే, కానీ 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

కొత్త సీల్ రోజుల్లోనే పోయి, లిప్ అంచు వెడల్పుగా అరిగి మెరుస్తోందా? పొడిగా బిగించారన్నమాట. నాకు బాధ కలిగించే తప్పు ఇదే, ఎందుకంటే అర నిమిషం పనితో ఆపవచ్చు. లోపలి నూనె లిప్ దాకా చేరేలోపే అంచు కాలిపోతుంది. బిగించే ముందు గేర్‌బాక్స్‌లో పోసే నూనెనే లిప్‌కీ షాఫ్ట్‌కీ రాయండి. రెండు లిప్పుల సీల్ అయితే మధ్య ఖాళీలో సగానికి తక్కువగా గ్రీజు పెట్టండి. స్ప్రింగ్ ఉన్న వైపు నూనె వైపుకే ఉండాలి.

లిప్ ఉబ్బి మెత్తబడితే ఆ రబ్బరుకు ఆ నూనె పడలేదు, లేదా ఎవరో థిన్నర్‌తో కడిగారు.

షాఫ్ట్ మీద గోరు పట్టే గాడి ఉంటే నూనెలో దుమ్ము, లోహపు పొడి చేరాయి. నూనె మార్చి, హౌసింగ్‌లో చోటుంటే కొత్త సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టండి. చోటు లేకపోతే షాఫ్ట్‌కి స్లీవ్ (గాడిని కప్పే పల్చటి లోహపు తొడుగు) వేయించండి. ఎమరీ పేపర్‌తో ఏటవాలుగా రుద్దవద్దు, ఆ గీతలే స్క్రూ మరలాగా నూనెను బయటికి తోస్తాయి.

ఇవేవీ కనిపించకపోతే బ్రీదర్ (గేర్‌బాక్స్ లోపలి గాలి బయటికి పోయే రంధ్రపు మూత) విప్పి శుభ్రం చేయండి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడికి మంచి సీల్ కూడా కారుతుంది.