కొమ్మల నడుమ కొమ్ము

ముందే ఒక మాట తేల్చుకుందాం. అడవిలో రాలిపడి దొరికిన దుప్పి కొమ్మును ఇంటికి తెచ్చి గోడకు తగిలించుకోవాలని ఉంటే ఇది మీకోసం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో జింక కొమ్ము కూడా ట్రోఫీయే, అంటే అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోకూడని జంతు భాగం. అభయారణ్యంలోంచి ఏ వస్తువునైనా అనుమతి లేకుండా బయటికి తేవడం అదనపు నేరం. "నేను వేటాడలేదు సార్, దానంతటదే రాలింది" అంటే వినేవాళ్లు ఉండరు. మా తాత ఇంట్లో వసారా గోడకు ఒక కొమ్ము ఉండేది, దానికి ఆయన రుమాలు వేలాడేది. ఒకప్పుడు రాలిన కొమ్ములను కత్తి పిడులకు, గుండీలకు బాహాటంగానే అమ్మేవాళ్లు. ఆ కాలం పోయింది. వెతకడం, చూడడం, కొలవడం, ఫోటో తీయడం, ఉన్నచోటే వదిలేసి రావడం, నేను చెప్పేది ఇంతవరకే.

నేను హన్మకొండలో ఉంటాను. సర్కారు బళ్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మోకాళ్లు అంతగా మాట వినవు, అయినా డిసెంబర్ వచ్చిందంటే నర్సంపేట మీదుగా పాకాల అడవి వైపు నాలుగైదుసార్లు పోతాను. "ఇంట్ల ఏం పారేసుకున్నా వెతకవు, అడివిల మాత్రం వెతుకుతవు" అంటుంది మా ఆవిడ. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అడవికి పోయే ముందు ఒక ఆదివారం హంటర్ రోడ్డులో ఉన్న కాకతీయ జూ పార్కుకు పోండి. పులి ముందు జనం మూగుతారు, వాళ్లను మూగనివ్వండి. మీరు దుప్పుల కంచె దగ్గర గంటసేపు నిలబడండి. ఆడవాటికి కొమ్ములుండవు. మగవాటిలో కొన్నింటికి గట్టి గోధుమరంగు కొమ్ములు, మొనలు మాత్రం తెల్లగా నున్నగా అరిగి ఉంటాయి. మరికొన్నింటికి బొద్దుగా, సన్నటి నూగు కప్పుకుని, మొద్దుబారిన చివరలతో ఉంటాయి. అవి ఇంకా పెరుగుతున్నవి. ఆ నూగుచర్మం నిండా రక్తనాళాలే, వాటి సాయంతోనే లోపల ఎముక పెరుగుతుంది. పెరగడం ముగిశాక చర్మం ఎండిపోతుంది, దుప్పి చెట్లకు రాసి రాసి దాన్ని వదిలించుకుంటుంది. మిగిలేది ఉత్త ఎముక. కొన్ని నెలలకు మొదలు దగ్గర పట్టు సడలి అది ఊడి పడుతుంది, మళ్లీ కొత్తది మొలుస్తుంది. పిల్లలకు పాలపళ్లతో పోల్చి చెప్పేవాణ్ణి. మనకు ఒక్కసారే, దుప్పికి ఏటేటా.

అక్కడే కృష్ణజింకను కూడా చూడండి. దాని మెలికల కొమ్ము రాలదు. లోపల ఎముక, పైన మన గోళ్ల లాంటి పదార్థంతో తొడుగు, చచ్చేదాకా అదే. మనుబోతుకూ కొండగొర్రెకూ అంతే. కాబట్టి అడవిలో అలాంటి కొమ్ము కనిపిస్తే అది రాలింది కాదు, ఆ జంతువు చచ్చింది.

ఎప్పుడు పోవాలి అన్నదానికి మన దగ్గర గట్టి లెక్క లేదు. చల్లటి దేశాల్లో జింకలు దాదాపు ఒకే కాలంలో కొమ్ములు రాలుస్తాయి. మన దుప్పుల్లో ఒకే మందలో ఒకటి గట్టి కొమ్ములతో, ఒకటి నూగు కొమ్ములతో, ఒకటి బోడి నెత్తితో కనిపిస్తాయి. అయినా ఎక్కువ మగవాటికి వేసవికల్లా కొమ్ములు గట్టిపడతాయి, జతకట్టే హడావుడి అప్పుడే. అంటే చలికాలంలో నూగు కొమ్ములవే ఎక్కువ, వాటి పాతవి అప్పటికే నేల మీద ఉన్నాయన్నమాట. కణుజు (సాంబర్ జింక) సంగతి వేరు, అది ఎక్కువగా ఎండాకాలంలో రాలుస్తుంది.

చలికాలానికి ఇంకో లాభం ఉంది, ఒక నష్టమూ ఉంది. గడ్డి ఎండి వంగిపోతుంది, పొదలు పలచబడతాయి, చూపు దూరం పోతుంది. కానీ టేకు ఆకు రాలడం మొదలవుతుంది. ఒక్కో ఆకు అన్నం తినే విస్తరంత. జనవరి ఆఖరుకు టేకు ప్లాంటేషన్‌లో నేల కనిపించదు, కొమ్ము దాని కిందికి పోతే మీ కాలికి తగలాల్సిందే. అందుకే నేను టేకు వనాలను డిసెంబర్ మధ్యలోపు ముగించి, తర్వాత మద్ది, ఇప్ప, తునికి కలిసిన అడవికి మారతాను.

అనుమతి లేకుండా లోపలికి పోవద్దు. పాకాల, ఏటూరునాగారం రెండూ 1952 నుంచి అభయారణ్యాలు. అటవీ శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, ఇస్తే వాచర్‌ను తోడు తీసుకుని పోండి. ఒంటరిగా పోతే అనుమానం ఒకవైపు, ఎలుగుబంటి ఇంకోవైపు.

నేను మొదటి ఏడాది నాలుగు రోజులు తిరిగి ఒక్కటీ చూడలేదు. చూశాననుకున్నవి చాలా. మోదుగ వేరు, ఎండిన అడ్డతీగ, చెదలు తిన్న వెదురు దుంప. కొమ్మకూ కొమ్ముకూ రాతలో ఉన్నది ఒక్క కొమ్ము తేడా, అడవిలో ఆ మాత్రం కూడా కనిపించదు. నాలుగో రోజు వాచర్ అన్న నవ్వి, "సారూ, మీరు అడివంత చూస్తున్నరు. దుప్పి యాడ దుంకుతదో, యాడ తల వంచుతదో ఆడ చూడున్రి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా వెతుకులాట మారిపోయింది.

దుంకే చోటు అంటే వాగు ఒడ్డు. దుప్పుల దారి ఎప్పుడూ ఒకటే ఉంటుంది, జానెడు వెడల్పున నున్నగా అరిగి, పెంటికలు పడి. ఆ దారి వాగును దాటే చోట రెండువైపులా ఇరవై అడుగులు వెతకండి. వదులైన కొమ్ము ఆ కుదుపుకే ఊడుతుంది. కిందికి వేలాడే తీగల కింద, వెదురు పొదల సందుల్లో కూడా అంతే, తల దూర్చి పోయేటప్పుడు తగులుకుంటుంది.

తల వంచే చోటు అంటే మేత. డిసెంబర్, జనవరిలో ఉసిరి చెట్ల కింద, తర్వాత రేగు పొదల దగ్గర. కొండముచ్చుల మంద ఎక్కడ కూర్చుంటుందో అది తప్పక చూడాలి. అవి పైనుంచి సగం కొరికి పారేసే ఆకు, కాయ కోసం దుప్పులు కింద చేరతాయి. ఆ చెట్ల కింద నేలంతా డెక్కల గుర్తులే. ఇక మధ్యాహ్నం ఎండకు పడుకునే చోట్లు, గుట్ట వాలులో చలిగాలి తగలని పక్క. గడ్డి నలిగి గుండ్రంగా పళ్లెంలా ఉంటుంది.

నడక విషయం. రెండు వందల అడుగుల చదరాన్ని మనసులో గీసుకుని అందులోనే అటూ ఇటూ తిరగండి, ఒక వరసకూ ఇంకో వరసకూ నడుమ పది అడుగులు. పది అడుగులు వేశాక ఆగి వెనక్కి తిరిగి చూడండి. ఇదే అసలు కిటుకు. పోయేటప్పుడు ఆకు చాటున ఉన్న మొన వెనక్కి తిరిగితే మెరుస్తుంది. పొద్దు వంపుగా ఉండే వేళలు మంచివి, మంచు ఆరాక పదిన్నర దాకా, మళ్లీ మూడు నుంచి నాలుగున్నర దాకా. మంచు తడి ఉన్నప్పుడు కొమ్ము నల్లబడి కర్రలో కలిసిపోతుంది. మిట్టమధ్యాహ్నం నీడలు పొట్టివి, సద్ది తిని ఒక కునుకు తీయండి.

మొత్తం కొమ్ము కళ్లముందు పరుచుకుని ఉంటుందని ఎదురుచూడకండి. కనిపించేది రెండంగుళాల మొన. దుప్పి కొమ్ముకు మూడు మొనలు ఉంటాయి, మొదట్లో నుదుటి మీదికి పొడుచుకొచ్చేది ఒకటి, పైన చీలినవి రెండు. నేలన పడ్డప్పుడు వాటిలో ఏదో ఒకటి పైకి లేచి ఉంటుంది. కర్ర మొన విరిగినట్టుంటుంది, కొమ్ము మొన సానపెట్టినట్టుంటుంది.

నాకు మొదటిది దొరికింది వెతుకుతున్నప్పుడు కాదు. ఒక మద్ది మొద్దు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాను. ఎడమకాలి పక్కన ఒక చీమల బారు నేల మీద పోతూ పోతూ ఉన్నట్టుండి గాల్లోకి ఎక్కింది. వంపు తిరిగిన ఏదో సన్నటి దాని మీదుగా ఎక్కి, అవతల మళ్లీ ఆకుల్లోకి దిగుతోంది. రొట్టె చేతిలోనే ఉంది. ఆకు తొలగిస్తే మొదటి మొన, ఇంకో ఆకు తొలగిస్తే నిలువు చారలున్న కాండం, కింద బుడిపెలు బుడిపెలుగా ఒక ఉంగరం. కాండం మీద ఉలితో గీసినట్టు జంట గాళ్లు, తెల్లగా, తాజాగా. "ఏదుపంది పండ్లు సారూ" అన్నాడు వాచర్ అన్న. నాకు గొంతు పెగల్లేదు. ముప్పై ఏళ్లు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన మనిషిని, అసలుది పక్కన పెట్టుకుని రొట్టె తింటున్నాను.

దొరికాక అది చెప్పే కథ చదవండి. అన్నిటికన్నా ముందు మొదలు చూడాలి. మొదలు గుండ్రంగా ఉబ్బి, గరుకుగా ఉంటే రాలినది. నున్నటి పుర్రె ఎముక ముక్క అతుక్కుని ఉంటే ఆ దుప్పి చచ్చినట్టు, చిరుతో రేసుకుక్కలో మనిషో. గొడ్డలి దెబ్బలా సాపుగా తెగి ఉంటే మాత్రం ఏదీ ముట్టుకోకండి, ఫోటో, లొకేషన్ తీసుకుని వచ్చిన దారినే తిరిగి వెళ్లి బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. చుట్టూ ఇంకేమున్నాయో చూద్దామని తిరగడం తెలివితక్కువ పని. ఒకసారి అలా తిరగబోయి బైండింగ్ వైరు ఉచ్చులో కాలు పెట్టాను. బూటు మందంగా ఉంది కాబట్టి బతికిపోయాను, మడమ మాత్రం నెల రోజులు వాచింది.

తర్వాత వయసు. కొత్తగా రాలినదానికి మొదలు దగ్గర ఎర్రటి మరక, ఒళ్లంతా గోధుమరంగు. ఎండా వానా తిన్నకొద్దీ పాలిపోతుంది, నిలువునా సన్నటి పగుళ్లు వస్తాయి, నేలకు ఆనిన పక్క పచ్చగా పాచి పడుతుంది. పళ్ల గుర్తులు చూడండి. ఏదుపంది గాళ్లు వెడల్పు, ఎలుకవి గోటితో గీరినంత సన్నం. కొన్నిసార్లు దుప్పులే నమిలిన గుర్తులు ఉంటాయి. సున్నం, భాస్వరం అవసరం వాటికీ ఉంది. మీరు జేబులో వేసుకోబోయేది ఇంకొకరి తిండి అని నేను బళ్లో చెప్పినట్టే ఇక్కడా చెబుతున్నాను.

రెండో కొమ్ము కోసం చూడాలా? చూడండి, కానీ ఆశ పెట్టుకోకండి. రెండూ ఒకేరోజు రాలాలని లేదు, నడుమ రోజులు పట్టవచ్చు, ఈలోపు దుప్పి ఎక్కడికో పోతుంది. దొరికినది ఎడమదా కుడిదా తెలియాలంటే కింది మొనను ముందుకు, చీలిన మొనలను పైకి వచ్చేలా మనసులో నిలబెట్టి చూడండి. కాండం వంపు ఎటు బయటికి పోతుందో ఆ పక్కది.

ఫోటో తీసేటప్పుడు పక్కన కొలత ఉండాలి. నేను పాత చెక్క స్కేలు వాడతాను, లేకపోతే పది రూపాయల బిళ్ల చాలు. పైనుంచి ఒకటి, మొదలు దగ్గరగా ఒకటి, చుట్టూ చెట్లు వచ్చేలా ఒకటి. తేదీ, ఏ చెట్టు కింద, నీటికి ఎంత దూరం, ఇవి నోటుబుక్కులో. సరిగ్గా ఏ చోటో మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి. కొమ్ము ఉన్నచోట దుప్పి ఉంటుందని వేటగాడికి మీరు చెప్పినట్టే అవుతుంది.

జాగ్రత్తలు పెద్దగా లేవు, ఉన్నవి మాత్రం తప్పనిసరి. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపండి, పిడుదులు పట్టుకుంటాయి. సెంటు వద్దు. తెల్లవారకముందు పొలాల అంచున నడవొద్దు. అడవిపందుల కోసమని కరెంటు తీగలు పెట్టేవాళ్లున్నారు, ఆ తీగకు మనిషి ఎవరో పంది ఎవరో తెలియదు. ఎలుగుబంటి తాజా పేడ కనిపిస్తే ఆ పక్క ఆరోజుకు వదిలేయండి. మేడారం జాతర ఉన్న ఏడాది తాడ్వాయి వైపు ఆ వారం పోవద్దు, అడవి దారులన్నీ జనమే. 2024 ఆగస్టు 31న అక్కడ వేల చెట్లు ఒక్కపెట్టున నేలకూలాయి. ఆ ముక్కలో నేను ఒకసారి రెండు గంటలు తిరిగాను. పడ్డ ప్రతి కొమ్మా కొమ్ములాగే ఉంది, మోకాళ్లతో దుంగలు దాటడం తప్ప ఏమీ కాలేదు. కొత్తవాళ్లకు అది వద్దు.

ఒక పని మాత్రం తప్పక చేయండి. దొరికిన చోటికి మరుసటి చలికాలం మళ్లీ పోండి. నా చీమల కొమ్మును మొదటిసారి కొలిచినప్పుడు వంపు వెంబడి 62 సెంటీమీటర్లు. తర్వాతి డిసెంబర్‌లో పై రెండు మొనలూ లేవు, 41. ఆ పై ఏడు నాలుగడుగుల అవతలికి జరిగి ఉంది, ఎవరో ఈడ్చుకుపోయినట్టు, 23. పోయిన జనవరిలో ఆ మద్ది మొద్దు సగం చెదలు తినేసింది, అరగంట వెతికితే దాని కిందనే బుడిపెల ఉంగరంతో పిడికిలంత మొదలు దొరికింది. కొలిచాను, 9. దాని మీద కూడా కొత్త గాళ్లున్నాయి.