సాకెట్ పాఠాలు – 4: పంపింది మొత్తం పోయిందా?

పోయిన పాఠంలో గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కొట్టు నుంచి విజయవాడ గవర్నరుపేటలో ఉన్న ఆఫీసు కంప్యూటరుకి కనెక్షన్ కలిపి ఆగాం. గెట్‌అడ్రిన్ఫోతో అడ్రసు పట్టుకున్నాం, సాకెట్ (ప్రోగ్రాము నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) తెరిచాం, కనెక్ట్ సున్నా ఇచ్చింది, అంటే కలిసినట్టే. ఇవాళ ఆ దారిన ఒక లాటు వివరం పంపాలి. రకం తేజ, 45 టిక్కీలు (బస్తాలు), క్వింటాలు 12500. కామాలు పెట్టి రాస్తే ‘తేజ,45,12500’.

ఎప్పట్లాగే సీ భాష కోడు మొత్తం ఇవ్వను. ఇస్తే అతికించి రన్ కొట్టేస్తారని నాకు తెలుసు. ఏం రాయాలో మాటల్లో చెప్తాను, టైపు చేయడం మీ వంతు.

సెండ్ ఫంక్షనుకి నాలుగు ఇవ్వాలి: సాకెట్ నంబరు, డేటా ఉన్న బఫరు (మెమరీలో దాన్ని ఉంచిన చోటు), ఎన్ని బైట్లో ఆ లెక్క, ఫ్లాగులు (ఎలా పంపాలో చెప్పే గుర్తులు). 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్‌తో బయటికొచ్చిన సాకెట్ల తీరు ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఫ్లాగుల చోట అందరూ సున్నా పెట్టేస్తారు. లినక్స్‌లో ఎంఎస్‌జీ_నోసిగ్నల్ పెట్టడం మంచిది. లేకపోతే అవతలివాళ్లు కనెక్షన్ మూసేశాక మీరు పంపబోతే సిగ్‌పైప్ సిగ్నల్ వచ్చి ప్రోగ్రాము చడీచప్పుడు లేకుండా పోతుంది. మీరు రాసుకున్న ఎర్రర్ మెసేజి ప్రింటయ్యే వ్యవధి కూడా ఉండదు.

బైట్ల లెక్క దగ్గర తెలుగువాళ్లం కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ‘తేజ’ చూడ్డానికి రెండక్షరాలే. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) త, దాని ఏత్వం, జ మూడూ విడివిడి, ఒక్కోదానికి 3 బైట్లు. అంటే 9. కామాలూ అంకెలూ కలిపి ఇంకో 9. మొత్తం 18, పొడవు లెక్కపెట్టే స్ట్రలెన్ ఇచ్చేదీ అదే. మెమరీలో సైజు చెప్పే సైజాఫ్ జోలికి పోకండి. బఫరు ఫంక్షన్‌లోకి పాయింటరుగా (అంటే దాని చిరునామాగా) వచ్చిందంటే, 64 బిట్ల మెషీన్లో దాని సైజు 8. అప్పుడు అవతలికి ‘తే’ వెళ్తుంది, ‘జ’లో మూడు బైట్లకి రెండే వెళ్తాయి, ధర ఊసే ఉండదు.

ఇక అసలు సంగతి. సెండ్ తిరిగి ఇచ్చే సంఖ్యని చూడకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. అది ‘ఇన్ని బైట్లు తీసుకున్నాను’ అని ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పే మాట. బస్టాండు పార్సిల్ కౌంటర్లో రసీదు ఇచ్చినట్టన్నమాట. మూట బస్సెక్కిందని కాదు, విజయవాడలో దిగిందని అసలే కాదు. పైగా ఇచ్చిందంతా తీసుకోవాలని కూడా లేదు. నాన్-బ్లాకింగ్ సాకెట్ (చోటు లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగొచ్చేది) అయినా, మధ్యలో ఏదైనా సిగ్నల్ తగిలినా, లక్ష బైట్లిస్తే నలభై వేలు తీసుకుని ఊరుకోవచ్చు. మిగతావి మళ్లీ ఇవ్వాల్సింది మీరే.

అందుకని ‘పోయింది’ అనే వేరియబుల్‌ని సున్నాతో మొదలుపెట్టండి. అది మొత్తం కంటే తక్కువున్నంతసేపూ వైల్ లూపు తిరగాలి. లోపల సెండ్‌కి బఫరు ప్లస్ పోయింది, మొత్తం మైనస్ పోయింది ఇవ్వండి. తిరిగొచ్చిన సంఖ్యని ‘పోయింది’కి కలపండి. మైనస్ 1 వస్తే ఎర్నో (ఏం తప్పు జరిగిందో చెప్పే సంఖ్య) చూడండి: ఈఇంటర్ (సిగ్నల్ వచ్చి ఆగింది) అయితే మళ్లీ లూపులోకి, మన సాకెట్ నాన్-బ్లాకింగ్ కాదు కాబట్టి ఇంకేదైనా అయితే సాకెట్ మూసి బయటికి. తిరిగొచ్చే సంఖ్యని మైనస్ కూడా పట్టే ఎస్‌సైజ్_టీ రకంలోనే పట్టుకోండి. మైనస్ పట్టని సైజ్_టీలో పట్టుకుంటే మైనస్ 1 కాస్తా కొండంత సంఖ్య అయి, అంతా పోయిందనుకుని లూపు ఆగిపోతుంది.

ఇంత జాగ్రత్తగా రాశాక కూడా నేను బోల్తా పడ్డాను. యార్డులో ఒక కమీషన్ కొట్టుకి సరిగ్గా ఇలాంటిదే రాసిచ్చాను. ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ప్రోగ్రాములూ నడిపి చూస్తే భేషుగ్గా ఉంది. ఊళ్ల మధ్య పెట్టిన మర్నాడే గుమాస్తాగారి ఫోను. “ఏవండీ, తేజ క్వింటాలు పన్నెండొందల యాభయ్యా? ఆ రేటుకి తాలుకాయ కూడా రాదు కదండీ!”

జరిగిందేమిటంటే, అవతల డేటా అందుకునే ఒక రిసీవ్‌లో ‘తేజ,45,1250’ దాకా వచ్చింది. మిగిలిన సున్నా తర్వాతి లాటు ముందు అతుక్కుని వచ్చింది. ఒక సెండ్‌కి ఒక రిసీవ్ అని నేననుకున్నాను. మన సాకెట్ డేటాని మోసే టీసీపీ ఆ మాట ఎప్పుడూ ఇవ్వలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బందరు కాలువలో మూడు బిందెలు కుమ్మరించి, దిగువన నిలబడి ‘రెండో బిందె నీళ్లు ఇవ్వండి’ అంటే ఎవరిస్తారు? నీళ్లు వరస తప్పకుండా వస్తాయి, బిందె మాత్రం రాదు.

కాబట్టి బిందె కొలత మనమే ముందు పంపాలి. ప్రతి లాటు ముందు 4 బైట్లలో పొడవు: మన 18. దాన్ని మెమరీలో ఉన్నట్టే పంపితే ఇంటెల్ మెషీన్లో చిన్న బైటు ముందు వెళ్తుంది. నెట్‌వర్క్ వరసలో పెద్ద బైటు ముందుండాలి. ఆ వరసలోనే చదివే అవతలి ప్రోగ్రాముకి 18 కాస్తా 30,19,89,888గా కనిపిస్తుంది. ముప్పై కోట్ల బైట్ల కోసం అది నోరు తెరుచుకుని కూర్చుంటుంది. పంపేముందు హెచ్‌టీఓఎన్‌ఎల్, అందుకున్నాక ఎన్‌టీఓహెచ్‌ఎల్ పిలిస్తే ఈ బాధ లేదు.

పొడవునీ డేటానీ ఒకే బఫరులో పేర్చి 22 బైట్లూ ఒక్క లూపులో పంపండి. విడివిడిగా పంపినా తప్పు కాదు. కాకపోతే మొదటి ముక్కకి అవతలి నుంచి ఎకనాలెడ్జ్‌మెంట్ వచ్చేదాకా టీసీపీలో చిన్న ముక్కల్ని తగ్గించే నేగిల్ పద్ధతి రెండోదాన్ని ఆపి ఉంచవచ్చు.

సరిచూసుకోవడానికి అవతల నెట్‌క్యాట్‌ని (కనెక్షన్ అందుకుని వచ్చింది వచ్చినట్టు చూపే ప్రోగ్రాము) వినమని పెట్టి, దాని అవుట్‌పుట్‌ని బైట్లని హెక్స్ అంకెల్లో చూపే హెక్స్‌డంప్‌లోకి, మైనస్ పెద్ద సీ (-C) పెట్టి, మళ్లించండి. మొదట 00 00 00 12 కనిపించాలి. అది పన్నెండు కాదు, హెక్స్‌లో పద్దెనిమిది. వెంటనే ఈ0 బీ0 ఏ4 ఉంటే అది మన ‘త’. ఒక వరసలో 16 బైట్లే పడతాయి కాబట్టి చివరి 6 కనెక్షన్ మూసేదాకా కనపడకపోవచ్చు, కంగారు పడకండి.

ఈ వారం పని: మూడు లాట్లు వెంటవెంటనే పంపి, డంపులో ఒక్కో పొడవు ఎక్కడ మొదలైందో పెన్సిలుతో గీత గీయండి. ఆ గీతల్ని ప్రోగ్రాము చేత గీయించడం, అంటే రిసీవ్ వైపు, అయిదో పాఠంలో.