పీఎస్ఐ తెలిస్తే విస్కాసిటీ యూనిట్లు వచ్చేసినట్టే

మా వర్క్‌షాపు భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లే రోడ్డు మీద. చెరువుల ఏరేటర్ల గేర్‌బాక్సులు, రైస్ మిల్లుల బేరింగులు, పంపులు, ఇవే మా పని. అన్నిటికీ ఆయిలు కావాలి, విస్కాసిటీ (ఆయిలు చిక్కదనం) మాత్రం ఒక్కో కాగితం మీద ఒక్కోలా ఉంటుంది. డ్రమ్ము మీద సెంటీస్టోక్‌లు, ల్యాబ్ స్లిప్పులో సెంటీపాయిజ్‌లు, పాత మిషను డ్రాయింగు జెరాక్సులో పౌండ్లూ అడుగులూ. డిప్లొమా చేసి ట్రైనింగుకి వచ్చే కుర్రాళ్లు ఫోను తీసి కన్వర్టర్‌లో నంబరు కొట్టేస్తారు. వచ్చిన జవాబు కరెక్టేనా అంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. వాళ్లకి చెప్పే పద్ధతే ఇది.

డైనమిక్ విస్కాసిటీ యూనిట్ అంటే ప్రెషర్ యూనిట్‌ని సెకండ్లతో గుణించినది. ఎస్ఐ (అంతర్జాతీయ కొలతల పద్ధతి) యూనిట్ పేరులోనే ఆ సంగతి ఉంది: పాస్కల్-సెకండ్. కాబట్టి గేజి మీద పీఎస్ఐని (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల బలం) పాస్కల్స్‌లోకి మార్చడం వచ్చినవాడికి కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. 1 పీఎస్ఐ అంటే 6,894.76 పాస్కల్స్. అలాగే 1 పీఎస్ఐ-సెకండ్ అంటే 6,894.76 పాస్కల్-సెకండ్లు. దీన్నే రేన్ అంటారు, 1886లో లూబ్రికేషన్ సిద్ధాంతం రాసిన ఆస్బర్న్ రేనాల్డ్స్ పేరు మీద. ఆయిళ్లకి ఇది మరీ పెద్ద యూనిట్, అందుకే బేరింగు లెక్కల్లో మైక్రోరేన్‌లు (రేన్‌లో పది లక్షలో వంతు) కనిపిస్తాయి. చదరపు అంగుళం బదులు చదరపు అడుగు ఉంటే 144తో భాగించండి, 47.88 వస్తుంది. చదరపు మీటరుకి కేజీ-ఫోర్స్ అయితే 9.80665. చదరపు సెంటీమీటరుకి డైన్ అయితే 0.1, అదే పాయిజ్. అందులో నూరో వంతు సెంటీపాయిజ్, అంటే సరిగ్గా ఒక మిల్లీపాస్కల్-సెకండ్. ల్యాబ్ మిషను ఈ రెండిటిలో ఏది చూపించినా అంకె మారదు. లేబుల్ అంతా పెద్ద అక్షరాల్లో కొట్టేసే చోట మాత్రం జాగ్రత్త. చిన్న ఎం మిల్లీ, పెద్ద ఎం మెగా.

అసలు గొడవంతా పౌండ్ల దగ్గరే. పౌండ్ అంటే బరువు తూచే పౌండూ ఉంది, తోసే బలాన్ని కొలిచే పౌండూ ఉంది. పాత కాగితాల్లో రెండిటికీ ఒకే గుర్తు వాడేస్తారు. "రెండూ పౌండ్లే కదండీ" అంటారు మా కుర్రాళ్లు. కాదు నాయనా, రెండిటి మధ్యా 32.17 రెట్లు తేడా. గుర్తుపట్టడానికి నేను చెప్పే చిట్కా ఒకటే: గీత కింద ఏముందో చూడండి. సెకండ్లు పైన ఉండి, కింద చదరపు అడుగో చదరపు అంగుళమో ఉంటే అది బలం. ఒట్టి అడుగూ సెకండూ రెండూ కిందే ఉంటే అది ద్రవ్యరాశి. ఈ రెండోదాన్ని ప్రెషర్ దారిలో తేలేం. 0.45359 కేజీని 0.3048 మీటరుతో భాగిస్తే 1.488 వస్తుంది, దానితో గుణిస్తే పాస్కల్-సెకండ్లు. హీట్ ఎక్స్‌ఛేంజర్ల పాత లెక్కల్లో సెకండు బదులు గంట ఉంటుంది. అక్కడ 1 సెంటీపాయిజ్ అంటే అడుగు-గంటకి 2.42 పౌండ్లు.

ఒక డ్రాయింగులో చదరపు అడుగుకి 0.00123 పౌండ్-సెకండ్లు అని ఉందనుకోండి. 47.88తో గుణిస్తే 0.0589 పాస్కల్-సెకండ్లు, అంటే 58.9 సెంటీపాయిజ్. ఇదే అంకెని పొరపాటున 1.488తో గుణిస్తే 1.83 సెంటీపాయిజ్ వస్తుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లే 0.8 ఉంటాయి. నీళ్లకి రెండింతలు మాత్రమే చిక్కగా ఉండే ఆయిలుతో మిల్లు బేరింగు నిలబడుతుందా? ఈ ప్రశ్న వేసుకుంటే తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది, కన్వర్టర్ మాత్రం చెప్పదు.

ఇప్పుడు ఆ 58.9కి సరిపోయే డ్రమ్ము వెతకాలి. డ్రమ్ము మీద ఐఎస్ఓ వీజీ 68 (వీజీ అంటే విస్కాసిటీ గ్రేడు) అని ఉంటే 40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోక్‌లు. ఇది కైనమాటిక్ విస్కాసిటీ, అంటే డైనమిక్‌ని సాంద్రతతో భాగించినది. మళ్లీ సాంద్రతతో గుణిస్తే గానీ డైనమిక్ రాదు. డేటా షీటులో సాంద్రత 0.88 అని ఉంటే 68 × 0.88 = 59.8 సెంటీపాయిజ్. ఆ 0.88 సాధారణంగా 15 డిగ్రీల దగ్గరది, 40 దగ్గర సుమారు 0.864కి దిగుతుంది కాబట్టి నిజానికి 58.8 అని పట్టుబట్టేవాళ్లున్నారు. వాళ్ల మాట నిజమే. కానీ వీజీ 68 అంటేనే 61.2 నుంచి 74.8 దాకా ఏదైనా కావచ్చు, పది శాతం అటూ ఇటూ. రెండు శాతం కూడా లేని తేడా కోసం తల బద్దలు కొట్టుకోవడం నాకైతే అనవసరం.

తల బద్దలు కొట్టుకోవాల్సింది టెంపరేచర్ దగ్గర. ఆముదమే చూడండి: 20 డిగ్రీల దగ్గర సుమారు 986 సెంటీపాయిజ్, 40 దగ్గర 231. మా వైపు రోహిణి కార్తెలో షెడ్డులో ఉన్న డబ్బాకీ, ఏసీ ల్యాబ్‌లో తీసిన కొలతకీ ఆమాత్రం తేడా ఉంటుంది. యూనిట్ ఎంత కరెక్టుగా మార్చినా డిగ్రీలు రాయని అంకెని నేను నమ్మను. పాత కాగితంలో 100 అని ఉంటే అది ఫారన్‌హీటేమో చూసుకోండి. అప్పుడది మన లెక్కలో 37.8 డిగ్రీలు.

కొన్ని మాన్యువళ్లలో విస్కాసిటీ బదులు ఒట్టి సెకండ్లే ఉంటాయి, ఉదాహరణకి 315 సేబోల్ట్ సెకండ్లు. కప్పు కింది రంధ్రం నుంచి ఆయిలు కారడానికి పట్టే టైము అది. 100 సెకండ్లు దాటితే 0.22 × 315 లోంచి 135 ÷ 315 తీసేయండి. 68.9 సెంటీస్టోక్‌లు, అంటే మళ్లీ వీజీ 68 డ్రమ్మే. ఇంగ్లండ్ మిషన్ల కాగితాల్లో రెడ్‌వుడ్ సెకండ్లు ఉండొచ్చు. వాటి సూత్రం వేరు కాబట్టి, ఏ సెకండ్లో తేలేదాకా లెక్క మొదలుపెట్టకండి.